అడ్డం తీస్కో

కొత్త ముఖం పెట్టుకొని మళ్ల వచ్చినవంట.
నల్లగొండ షోరూమ్ అద్దాల ఎనుక
ఎర్రగ, సుర్మా గీసిన కండ్ల లెక్క సన్నటి లైట్లతోని.
పొద్దుగాల్నే షాపుకు తాళమేసి
మిర్యాలగూడ నుంచి పాతదాన్నేస్కొని బయల్దేరిన.
పాతదంటే నువ్వే.
పన్నెండేండ్ల కిందటి నువ్వు,
లక్షా నలభైరెండు వేల కిలోమీటర్లు తిరిగి
మూడో ఓనర్నైన నా చేతికొచ్చిన నువ్వు.

అండాలు ఒక్కటే మాటన్నది:
"సూసి రా. సంతకం పెట్టి రాకు."

నేను చక్రాలు సక్కగ చేసేటోన్ని.
ఊక లారీలు, సిమెంటు లారీలు, పెండ్లి కార్లు
అన్నీ నా గుంత మీదికే వస్తయి.
ఏ బండి ఏ దిక్కు గుంజుతదో
స్టీరింగు రెండేళ్లతోని పట్టుకొని చెప్త.
గందుకే నీ మీద ఆశ.
గందుకే నీ మీద నాకు ఇంత కోపం.

ఎనుక సస్పెన్షన్ మార్చిన్రంట, సంతోషం.
వేములపల్లి దాటినంక కాలువ మలుపుల కాడ
పాతది తోక జాడిచ్చేది,
ఆ ఒక్క బుద్ధి మారితే సాలు అనుకున్న ఎన్నేండ్లో.
బ్రేకులు పెద్దగ చేసిన్రు.
ఇంజన్ను ముట్టలేదంట,
ముట్టనోని చేతులు సల్లగుండ.

ఇగ నా గోస విను.
చేతి బ్రేకేది?
ఏసీ తగ్గియ్యాల్నంటే తెర మీద మూడు పేజీలు తిప్పాల్నా,
గుంతల రోడ్డు మీద వేలు ఒక కాడ నిలవకపోతే?
స్టెప్నీ జాగల గాలి డబ్బా పెట్టిన్రు.
రాత్రి రెండింటికి దామరచర్ల కాడ టైరు కోసుకపోతే
ఆ డబ్బాను ఒళ్లె పెట్టుకొని కూసోవాల్నా?
నీ ముందు బంపరు ఎంత కిందికున్నదో ఎరుకేనా?
యాసంగిల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు,
చాట లెక్క ఎత్తుకపోతవు,
రైతు కట్టె పట్టుకొని ఉరికొస్తడు.
గేరు కర్ర సంగతి
నేను మాట్లాడ.

పక్క సీట్ల ప్రణీత్ అనే పిలగాడు,
మెడల కార్డు, షూల మీద మెరుపు.
"క్లాక్ టవర్ దాకా పోయి మలుపుకొని రావాలె సార్, రూటు అంతే."
స్పోర్ట్ బొత్తాం ఒత్తిన.
గుర్రుమన్నది.
నాకు అనుమానమొచ్చి డోరుకు అరచెయ్యి ఆనిచ్చిన.
అదిరేది స్పీకరు.
నీ గొంతుకు
ఇంకెవలతోనో డబ్బింగు చెప్పిచ్చిన్రు.

అబద్ధమెందుకు,
ఖాళీ దొరికిన నూరు గజాల కాడ తొక్కితే
కడుపు సీటుకు అంటుకున్నది,
నా నోట్లెకెల్లి నవ్వు దానంతట అదే వచ్చింది.
నువ్వు లోపట ఉన్నవు.
ఎక్కడ్నో, దుప్పట్ల కింద.

ఒక కాగితమిచ్చిన్రు, ఐదు చుక్కలు నింపమని.
తిప్పి ఎనుక పక్క రాసిన, జాగ సాలక అంచుల మీద గూడ రాసిన.
పిలగాడు నిలబడి సదివిండు.
ఫైల్ల పెట్టలె, జేబుల పెట్టుకున్నడు.
గేటు దాకా నా ఎంబడొచ్చి
ఎనుకకు ముందుకు సూసి
సార్ అనుడు మరిసిండు:
"అన్నా, గిది గేర్లదేనా?
ఒక్క రౌండు ఇస్తవా?"

తాళమిచ్చిన.
రెండుసార్లు బంద్ చేసిండు,
చెవులు ఎర్రగైనయి వానికి.
"క్లచ్చు మీద కోపం చూపకు, పిట్టను ఇడిసినట్టు ఇడువు" అన్న.
మూడోసారి కదిలింది.
రెండో గేరుల మూడు వేలు దాటినంక
ఆ సప్పుడు వచ్చింది, కాళ్ల కిందికెల్లి,
తుప్పు పట్టిన సైలెన్సర్ల పడి, దగ్గుకుంట, నిజంగ.
వాని నోరు తెరుసుకున్నది.

నేను ఎడమ పక్క కూసొని ఉన్న.
ఏడేండ్లల్ల ఎన్నడు కూసోలె గా సీట్ల.
డాష్‌బోర్డు ఇంత పగిలిందని ఇటుకెల్లి సూస్తెనే తెలిసింది.
ఇంటికి పోయి అండాలుకు ఏం చెప్పాల్నో,
సంతకమైతే పెట్టలె,
ఆ ఎరుపు మాత్రం కండ్లల్లకెల్లి పోతలేదు.

"ముందల స్పీడ్ బ్రేకరున్నది తమ్మీ.
సక్కగ పోకు, అడుగు రాసుకుంటది.
అడ్డం తీస్కో.
ఆఁ, గట్ల."